మెదక్ ఖిల్లా నుంచి డార్జిలింగ్ దాకా

ఈ హాస్టల్లో ఉండి ఎనిమిదో తరగతి చదివేటప్పుడు సోషల్ సారు గోడకు భారతదేశ పటం తగిలించి, "డార్జిలింగ్ ఎక్కడుందో చూపించురా" అన్నారు. నేను లేచిపోయి ఊటీ దగ్గర వేలు పెట్టాను. క్లాసంతా ఒకటే నవ్వు. అప్పటికి నాకు తెలిసిన ఎత్తయిన చోటు మన మెదక్ ఖిల్లా ఒక్కటే. ఆదివారం ఖిల్లా ఎక్కి చర్చి శిఖరాన్ని చూస్తే లోకమంతా చూసినట్టే సంబరపడేవాళ్లం.

ఉద్యోగంలో చేరాక, పోయిన ఏడాది ఆ డార్జిలింగ్ చూసి వచ్చాను. తమ్ముళ్లకు దాని గురించి నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

పశ్చిమ బెంగాల్‌కు ఉత్తరపు కొసన, హిమాలయాల ఒడిలో ఉన్న జిల్లా అది. కొండల్లో జనం ఎక్కువగా మాట్లాడేది నేపాలీ. న్యూ జల్పాయిగురిలో పెద్ద రైలు దిగితే అక్కడినుంచి కొండమీదికి బొమ్మలాంటి చిన్న రైలు పోతుంది. పట్టాల మధ్య వెడల్పు రెండడుగులే! 1881 నాటి ఈ రైలు మార్గాన్ని 1999లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. దారిలో వచ్చే ఘూమ్ స్టేషన్ 7,407 అడుగుల ఎత్తున ఉంది.

తెల్లవారుజామున టైగర్ హిల్ మీద వణుకుతూ నిలబడితే పొగమంచు తప్ప ఏమీ కనబడలేదు. మర్నాడు ఎండ పొడిచాక 8,586 మీటర్ల కాంచనగంగ మబ్బుల పైన తెల్లగా కనిపించింది.

తేయాకు తోటల్లో ఆడవాళ్లు బుట్టను వీపున మోస్తూ, దాని పట్టీని నుదుటికి వేసుకుని, రెండాకులూ ఒక మొగ్గా గిల్లుతున్నారు. పత్తి ఏరే మా అమ్మ గుర్తొచ్చింది. మనం తాగే చాయ్‌లో వాళ్ల నడుం నొప్పి కూడా ఉందన్నమాట.

ఆ ఊళ్లోనే 1954లో స్థాపించిన హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. 1953లో ఎవరెస్టు ఎక్కిన టెన్జింగ్ నార్గే అక్కడ శిక్షణ ఇచ్చేవారు. సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ కొండలెక్కడం నేర్చుకున్నదీ అక్కడే. 2014 మే 25న ఇద్దరూ ఎవరెస్టు ఎక్కారు. అప్పటికి పూర్ణకు పద్నాలుగేళ్లు నిండలేదు. ఆ గేటు ముందు నాకు చాలాసేపు కాళ్లు కదలలేదు. పటంలో నేను చూపించలేకపోయిన ఊరిని మనలాంటి పిల్లలు ఎవరెస్టుకు మెట్టుగా చేసుకున్నారు.

తమ్ముళ్లారా, వాళ్లు మొదట ఎక్కింది హిమాలయం కాదు, మన భువనగిరి గుట్ట. ఈ ఆదివారం ఖిల్లా ఎక్కినప్పుడు ఆ మాట యాది పెట్టుకోండి.