అమీర్‌పేట కర్రీ పాయింట్‌లో బ్రెస్ట్ పీసు

అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల వెనక సందుల్లో ఎన్ని హాస్టళ్లున్నాయో అన్ని కర్రీ పాయింట్లూ ఉంటాయి. అలాంటి ఒకదాని వంటింట్లోకి పొద్దున్నే వెళ్లాను. పప్పు, సాంబారు, దొండకాయ వేపుడు అన్నిచోట్లా ఉండేవే. నేను వెళ్లింది చికెన్ బ్రెస్ట్ కోసం. జిమ్‌కెళ్లే కుర్రాళ్లు "అక్కా, బ్రెస్ట్ కూర ఉందా?" అని అడిగి మరీ కట్టించుకుపోయే చోటది. మన ఇళ్లలో అందరి కన్నూ లెగ్ పీసు మీదే. గిన్నె అడుగున చివరిదాకా మిగిలేవి పీచుపీచుగా ఉండే ఆ తెల్ల ముక్కలే. వాటి మీద మనకున్న చిన్నచూపు అన్యాయమని అక్కడ నాకు గట్టిగా అనిపించింది.

వంట చేసే ఆవిడది నరసరావుపేట వైపు. "బ్రెస్టులో తప్పేం లేదన్నయ్యా. లెగ్గు ఉడికేదాకా దీన్నీ పొయ్యి మీదే ఉంచుతాం. చెడేది అక్కడే" అంది.

ఆమె మాటలో శాస్త్రం ఉంది. కోడి రోజంతా నిలబడేది, తిరిగేది కాళ్ల మీద. అందుకే ఆ కండలో కొవ్వూ, ఉడికేకొద్దీ కరిగి జిగురయ్యే పదార్థమూ ఎక్కువ. ఎంతసేపు ఉడికితే అంత మెత్తన. ఎగరని ఫారం కోడికి రొమ్ము కండతో పెద్దగా పనిలేదు, దానిలో ఆ రెండూ తక్కువే. వేడి 65 డిగ్రీలు దాటితే మాంసకృత్తులు బిగుసుకుని లోపలి నీటిని పిండేస్తాయి. ముక్క మధ్యలో 74 డిగ్రీలు వస్తే తినడానికి భయం లేదు. ఆ తర్వాత పొయ్యి మీద గడిచేదంతా ముక్క ఎండిపోవడానికే.

కోత దగ్గర చాలాసేపు నిలబడిపోయాను. ఆమె ముక్కను పీట మీద పెట్టి, సన్నటి తెల్ల గీతలు ఎటు పోతున్నాయో వేలితో రాసి చూపించింది. కత్తి ఆ గీతలకు అడ్డంగా దిగాలి. అప్పుడు ఒక్కో ముక్కలో పీచు పొట్టిగా ఉండి పంటి కింద ఇట్టే తెగుతుంది. షాపులో కొట్టించిన ముక్కలకు ఈ లెక్క ఉండదు కాబట్టి ఆమె బ్రెస్ట్‌ను ఎప్పుడూ పూర్తిగానే తెచ్చుకుంటుంది. పెనం మీద కాల్చేదైతే మందంగా ఉన్న వైపును అప్పడాల కర్రతో కొట్టి అంతా ఒకే మందానికి తెస్తుంది. లేదంటే సన్నటి కొన మాడేసరికి కూడా లావు భాగం పచ్చిగానే ఉంటుంది.

ఇక ఉప్పు. లీటరు నీళ్లకు 30 గ్రాముల ఉప్పు కలిపి అరగంట నానబెడితే చాలు. ఉప్పు లోపలికంటా పడుతుంది, ముక్క నీటిని పట్టి ఉంచుకుంటుంది. పచ్చి బొప్పాయి మటన్‌కే తప్ప దీనికి వద్దంటుంది. పైపొర పిండిలా అయిపోతుందట. నిమ్మరసంలో రాత్రంతా ఉంచడమూ ఆమెకు నచ్చదు.

ఆదివారాలు మాత్రం చికెన్ మెజెస్టిక్ చేస్తుంది. హైదరాబాద్ హోటళ్లు పేరు తెచ్చిన ఈ వంటకం బ్రెస్ట్ కోసమే పుట్టిందా అనిపిస్తుంది నాకు. వేలెడు పొడవు ముక్కలు, ఉప్పు కలిపిన మజ్జిగలో గంటసేపు. మజ్జిగంతా వంపేసి, ముక్కలను గుడ్డతో అద్దుతుంది. తడి ఉంటే ముక్క వేగదు, ఉడుకుతుంది. తర్వాత గుడ్డు, కార్న్‌ఫ్లోర్, అల్లంవెల్లుల్లి, కారం పట్టించి, బాగా కాగిన నూనెలో మూడు నాలుగు నిమిషాలు వేయిస్తుంది. వేరే మూకుడులో తరిగిన వెల్లుల్లి, పచ్చిమిర్చి, కరివేపాకు, పుదీనా చిటపటలాడాక, ధనియాల పొడి, జీలకర్ర పొడి కలిపిన పెరుగు పోసి దగ్గరపడనిస్తుంది. ముక్కలు పడేది ఆఖర్న, అదీ ఒక్క నిమిషమే. రంగు వేయదు. వేయకపోవడమే మంచిదని నేనూ అంటాను, వేగిన పెరుగుకు ఉండే లేత గోధుమ రంగే కంటికి హాయి.

కూరకూ ఇదే వరస. ఉల్లిపాయ, టమాటా, ఎండుమిర్చి, ధనియాలు, గసగసాలు, ఎండుకొబ్బరి నూరిన ముద్ద నూనె తేలేదాకా వేగాలి. ఆ మసాలాలో కాసిని నీళ్లు పోసి మరిగించి, అప్పుడే ముక్కలు వేస్తుంది. మూత పెట్టి సన్నసెగ మీద ఆరేడు నిమిషాలు, పొయ్యి కట్టేసి ఇంకో అయిదు. దించేముందు ఒక ముక్క తుంచి చూపించింది. లోపల గులాబీ ఛాయ లేదు, తుంచినచోట రసం ఊరింది.

రాత్రి కోచింగ్ ముగించుకుని ఆలస్యంగా తినే పిల్లలకు ఆమె గ్రేవీ ఒక కవర్లో, ముక్కలు ఇంకో కవర్లో కడుతుంది. వెళ్లగానే ఫ్రిజ్‌లో పెట్టమంటుంది. తినేముందు గ్రేవీని బాగా మరిగించి, ముక్కలు వేసి, మళ్లీ ఒక్క పొంగు రాగానే దించేయమని ప్రతివాడికీ చెప్పి పంపుతుంది. కూరంతా కలిపి పదినిమిషాలు కాచారంటే మర్నాడు వచ్చి బ్రెస్ట్ గట్టిపడిందంటారని ఆమెకు తెలుసు.