వైకుంఠం లేని వైకుంఠపాళి

ప్రారంభించిన కార్యాన్ని మధ్యలో విడిచిపెట్టడం నాకు బాల్యం నుండి ఉన్న దోషం. బ్రహ్మసూత్ర భాష్యపాఠం రెండవ అధ్యాయం మొదటి పాదం దగ్గర ఆగిపోయి ఎన్నో సంవత్సరాలైంది. పాఠం చెప్పిన గురువుగారు ఇప్పుడు లేరు. సృష్టి ఈశ్వరునికి కేవలం లీల అని చెప్పే సూత్రం ఆ పాదంలోనే ఉంది. కోరికలన్నీ తీరిన రాజు ఏ ప్రయోజనాన్నీ ఆశించక విహరించినట్లు, ఉచ్ఛ్వాస నిశ్వాసాలు సహజంగా జరిగిపోయినట్లు అని శంకర భగవత్పాదులు అక్కడ వ్యాఖ్యానించారు. ఆ సూత్రం దాటి ముందుకు పోలేనివాడు యాభై దాటిన వయస్సులో కంప్యూటర్ ముందు కూర్చుని ఒక ఆటను నిర్మించబోయాడు. అదీ పూర్తి కాలేదు. ఆ వృత్తాంతాన్ని సాధక మిత్రులతో పంచుకోవాలనిపించింది.

లుడుమ్ డారే అనే పేరుతో 2002 నుండి ఒక గేమ్ జామ్ జరుగుతున్నది. ముందుగా ఒక ఇతివృత్తాన్ని ప్రకటిస్తారు. దాని మీద నిర్ణీత కాలంలో ఆటను తయారుచేసి అందరి ముందు ఉంచాలి. ఒంటరిగా 48 గంటలలో చేసేది ఒక విభాగం, కొంత సడలింపుతో 72 గంటలది మరొకటి. చేసినవారే ఒకరి ఆటను ఒకరు ఆడి గుణదోషాలు చెప్పుకుంటారు. ఆ లాటిన్ పేరుకు 'ఆటను ఇచ్చుట' అని అర్థం. అందులోని డారే, మన సంస్కృతంలోని దా ధాతువు ఒకే మూలానికి చెందినవి. దానం అనే మాట వినబడగానే నా మనస్సు అటు మొగ్గింది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మా అబ్బాయి నాకు గొడో అనే ఉచిత సాధనాన్ని నేర్పాడు. రాని వ్యక్తి కోసం ఇద్దరు ఎదురుచూస్తూనే ఉండే శామ్యూల్ బెకెట్ నాటకం నుండి దాని నిర్మాతలు ఆ పేరు తీసుకున్నారు. ఎంత చేర్చినా ఇంకా చేర్చవలసినది మిగిలే ఉంటుందన్నది వారి భావం. నా వంటివానికి తగిన సాధనమే దొరికింది.

యాభయ్యవ జామ్ 2022 ఏప్రిల్‌లో వచ్చింది. మన గడియారం ప్రకారం ఏప్రిల్ 2, శనివారం, శుభకృత్ నామ సంవత్సర ఉగాది. కామారెడ్డిలో మా ఇంట్లో ఉగాది పచ్చడి కలుపుతుండగా ఇతివృత్తాన్ని చూశాను. 'అనివార్యమైన దానిని వాయిదా వేయుట' అని ఉంది. వెంటనే ల్యాప్‌టాప్ మూసివేశాను.

మా అమ్మకు అంతకు ముందు సంవత్సరం నుండి వారానికి రెండుసార్లు డయాలసిస్ జరుగుతున్నది. ఎల్లారెడ్డిలోని ఇల్లు విడిచి రానన్నది. అందుచేత ప్రతి సోమవారం, గురువారం నేను వెళ్లి ఆమెను కామారెడ్డికి తీసుకువచ్చి, తిరిగి దిగబెట్టేవాణ్ణి. లింగంపేట మీదుగా సుమారు 40 కిలోమీటర్లు. మేము చేస్తున్న పనికి ఎవరో ఎక్కడో కూర్చుని పేరు పెట్టినట్లు అనిపించింది. మధ్యాహ్నం ఎల్లారెడ్డికి బయలుదేరినప్పుడు ల్యాప్‌టాప్‌ను సంచిలో పెట్టుకున్నాను. ఎందుకు పెట్టుకున్నానో ఇప్పటికీ చెప్పలేను.

ఏ ఆట చేయాలన్న సందేహం మాత్రం కలగలేదు. వైకుంఠ ఏకాదశి జాగరణకు అమ్మ వైకుంఠపాళి పటం పరచి మా అందరినీ కూర్చోబెట్టేది. గవ్వలు వేయడం, నిచ్చెన ఎక్కడం, పాము నోట పడి మొదటికి రావడం, మళ్లీ గవ్వలు. తెల్లవారేసరికి ఎవరో ఒకరు పరమపదం చేరేవారు. నా ఆటలో పది వరుసలు, నూరు గడులు. తొంభైకి ముందు మహాసర్పం. ఆటగానికి మూడు తులసీదళాలు ఉంటాయి. ఒక్కొక్కటి సమర్పిస్తే సర్పం ఒక్కొక్క వంతు నిద్రిస్తుంది. మూడూ అయిపోయిన తరువాత ఏం జరగాలో అది జరుగుతుంది.

సంకల్పం ఇంత సులభం. ఆచరణలో మొదటి పదకొండు గడులకే శనివారం రాత్రి గడిచిపోయింది. వైకుంఠపాళిలో మొదటి వరుస ఎడమ నుండి కుడికి, రెండవది కుడి నుండి ఎడమకు సాగుతుందని చిన్నపిల్లలకు సైతం తెలుసు. యంత్రానికి తెలియదు. పదవ గడి నుండి పైకి ఎక్కవలసిన కాయ తెరను అడ్డంగా దాటి ఎడమ అంచుకు ఎగిరిపోయేది. సరి వరుసలలో లెక్కను తిరగవేయాలని అర్థమయ్యేసరికి కోడి కూసింది.

ఆదివారం ఉదయం మరొక వింత. ఆటను ఎన్నిసార్లు మొదటి నుండి తెరిచినా గవ్వలు అదే క్రమంలో పడుతున్నాయి. నాకు రోమాంచమైంది. ఇది ప్రారబ్ధమే కదా! జీవుడు తాను వేస్తున్నాననుకుంటాడు, పడవలసిన సంఖ్య ముందే నిర్ణయమై ఉంటుంది! ఈ భావం మీద ఒక వ్యాసమే వ్రాయవచ్చునని మా అబ్బాయికి ఫోన్ చేసి వివరించాను. వాడు అంతా విని, "నాన్నా, ర్యాండమైజ్ అని ఒక్క లైన్ రాయాలె. నువ్వు రాయలేదు, అంతే" అన్నాడు. వ్రాశాను. ప్రారబ్ధం తొలగిపోయింది.

పగలంతా సర్పానికే వెచ్చించాను. దాని వంపులు, పొలుసులు, నోరు తెరిచే తీరు, నిద్రలో మెల్లగా కదిలే ఊపిరి. ఇంత శ్రద్ధతో నేను జపం కూడా చేయలేదు. సాయంకాలానికి తొంభై గడులు సిద్ధమయ్యాయి, చివరి వరుస మిగిలింది. అప్పుడు అమ్మ వచ్చి పక్కన కూర్చున్నది.

"ఏందిరా అది?"

"వైకుంఠపాళి అమ్మా. ఆడుతవా?"

మీట నొక్కితే గవ్వలు వాటంతట అవే పడతాయని చూపించాను. ఆమెకు నచ్చలేదు. లోపలికి వెళ్లి డబ్బాలోని గవ్వలు తెచ్చి బండ మీద వేసి, "నాలుగు. జరుపు" అన్నది. జరపడానికి నా ఆటలో మార్గం లేదు. ఆ రాత్రి చివరి వరుస కట్టవలసిన సమయంలో, బయట పడిన సంఖ్యను మీటతో లోపలికి పంపే ఏర్పాటు చేస్తూ కూర్చున్నాను. పూర్తయ్యేసరికి రాత్రి పదకొండు దాటింది. అమ్మ నిద్రపోలేదు. గవ్వలు వేసింది, నేను సంఖ్య నొక్కాను. నిచ్చెనలు ఎక్కింది, రెండుసార్లు పాము మింగింది, తులసి మూడు దళాలూ ఖర్చు చేసి మహాసర్పాన్ని దాటింది. తొంభై దాటిన కాయ నల్లని తెరలోకి వెళ్లి అదృశ్యమైంది.

"వైకుంఠమేదిరా?"

"ఇంక కట్టలేదమ్మా."

"పామునైతె మంచిగనే కట్టినవ్ గద."

ఆమె ఆక్షేపించలేదు, ఉన్న మాట అన్నది. నేను మాత్రం చాలాసేపు ఆ మాట దగ్గరే ఉండిపోయాను. మోక్షశాస్త్రం గురించి ఇరవై ఏళ్లుగా మాట్లాడుతున్నవాడు చేతికి పని దొరికినప్పుడు దేనికి రూపం ఇవ్వగలిగాడు, దేనిని రేపటికి వదిలాడు? అమ్మ మాత్రం పంచాంగం అట్ట వెనుక వ్రాసుకోమని చివరి వరుసలోని గడులు చెప్పసాగింది. సువర్లోకం, మహర్లోకం, జనలోకం, తపోలోకం, సత్యలోకం, కైలాసం, వైకుంఠం. ఏడయ్యాయి. ఇంకా మూడు ఉండాలి. వాళ్లమ్మ పటంలో ఏవో ఉండేవని, ఇప్పుడు జ్ఞాపకం రావడం లేదని అన్నది.

సోమవారం ఆస్పత్రికి ప్రయాణం. లింగంపేట రాగానే అమ్మ అలవాటుగా నాగన్న బావి ఉన్న దిక్కుకు చేయి చూపింది. పెళ్లయిన కొత్తలో ఆ మెట్లన్నీ దిగిందట. పటంలోని నిచ్చెనలు పైకి పోతాయి, ఆ బావిలో మాత్రం దిగినవారికే నీరు. దీని మీద కూడా ఏదో తత్త్వం అల్లబోయి, మా అబ్బాయి మాట గుర్తుకు వచ్చి మానుకున్నాను. యంత్రం ముందు నాలుగు గంటలు ఆమె పడుకున్నది. వరండాలో ల్యాప్‌టాప్ తెరిచి కూర్చున్నాను గాని ఒక్క గడి కూడా కట్టలేకపోయాను. గడువు మంగళవారం ఉదయంతో తీరిపోతుంది.

ఆ రాత్రి దానిని పంపాలా, మానాలా అన్నదే ప్రశ్న. అసంపూర్ణమైన దానిని పదిమంది ముందు ఉంచడం కంటె దాచుకోవడం గౌరవమని అహంకారం చెప్పింది. పూరీ జగన్నాథుని మూర్తి అసంపూర్ణంగానే పూజలందుకుంటున్నది కదా అని ఫోన్‌లో ఒక మిత్రుడు ఓదార్చాడు. ఆ పోలిక నాకు రుచించలేదు. అక్కడ తలుపు తెరిచినది ఇంద్రద్యుమ్నుని ఆతురత, శిల్పి అలసత్వం కాదు. గీత రెండవ అధ్యాయం నలభయ్యవ శ్లోకంలో, ఈ యోగంలో ఆరంభించినది వ్యర్థం కాదని భగవానుడు అభయమిచ్చాడు. కాని ఆ అభయం నిష్కామకర్మకు. నాకు మాత్రం నలుగురూ మెచ్చుకోవాలనే ఉంది. చివరకు పంపించినది ఏ శాస్త్రబలంతోనూ కాదు. అమ్మ అప్పటికే ఆడింది, కనుక ఇక దాచడానికి ఏమీ లేదు. 'నా మొదటి ఆట, చివరి వరుస లేదు' అని ఒక వాక్యం చేర్చి పంపాను.

ఆడినవారు కొద్దిమందే. సర్పం ఊపిరిని ఒకరు మెచ్చుకున్నారు. సంఖ్యను మనమే నొక్కవచ్చునని కనిపెట్టి మరొకరు వరుసగా ఆరు, ఆరు నొక్కుతూ నల్లని తెర దాకా పోయారు. అసలు పరీక్ష మూడవ వ్యాఖ్యతో వచ్చింది. నేను పెట్టిన వాక్యాన్ని గమనించని ఒక ఆటగాడు, తొంభై తరువాత కాయ శూన్యంలో లీనం కావడం అద్భుతమైన ముగింపని, మోక్షాన్ని బొమ్మగా చూపకుండా వదలడం భారతీయ తత్త్వానికి తగినదని వ్రాశాడు.

మిత్రులారా, ఆ వ్యాఖ్య కింద 'ధన్యవాదాలు' అని వ్రాయడానికి నా వేళ్లు సిద్ధమయ్యాయి. నిర్గుణం, నేతి నేతి, వాక్కు చేరలేని స్థితి... సమర్థనకు కావలసిన పదజాలమంతా నా వద్ద ఉంది. ఆ పదజాలమే ప్రమాదం. చదువు ఆపినప్పుడు ఉపరతి అని, అప్పు తీర్చనప్పుడు వైరాగ్యమని, కబురు పంపినా వెళ్లి పలకరించనప్పుడు అసంగమని పేర్లు పెట్టుకున్న రోజులు నాకు ఉన్నాయి. గురువుగారు చివరి రోజులలో రెండుసార్లు కబురు పంపారు. పాఠం మధ్యలో మానినవానికి ఆయన ముఖం చూడడం కష్టమై నేను వెళ్లలేదు. దానికీ అప్పుడు ఒక వేదాంతం చెప్పుకున్నాను.

మరునాడు సమాధానం వ్రాశాను. అది శూన్యం కాదు, పని మిగిలిపోయింది, అక్కడ పది గడులు రావాలి అని. ఆయన నవ్వుముఖం గుర్తు ఒకటి పెట్టి, పూర్తయ్యాక చెప్పమన్నాడు.

అమ్మ 2023 మాఘమాసంలో వెళ్లిపోయింది. వాయిదా అన్నది అంతవరకే సాగింది. శుభకృత్ పంచాంగం నా బల్ల మీద ఉంది, అట్ట వెనుక ఏడు పేర్లు, వాటి కింద మూడు ఖాళీ గీతలు. గత ఏకాదశి నాటికి ఐదు గడులు కట్టాను. ఆరవది కైలాసం. దానికి ఏ రంగు వేయాలన్న విషయంలో మా అబ్బాయికీ నాకూ ఇంకా ఏకాభిప్రాయం కుదరలేదు.