పెదనాన్న రాసిచ్చిన చీటీ

హాంకాంగ్‌లోని డే వూ రోడ్ వెస్ట్‌లో ట్రామ్ దిగగానే ఎండురొయ్యల వాసన గుప్పుమంటుంది. ఆ ఎండుచేపల కొట్లు దాటి వెనక సందులోకి మళ్లితే వాసన మారిపోతుంది... వేళ్లు, బెరళ్లు, ఎండుపూలు! అదే కో షింగ్ స్ట్రీట్. మూలికల వీధి. గుమ్మాల ముందు గోనెసంచులు, లోపల గోడ పొడవునా చెక్క సొరుగులు. మన పాతకాలపు పచారీ కొట్టు గుర్తొస్తుంది.

నా జేబులో చీటీ ఉంది. సిరోసిస్‌కు మందులు వాడుతున్న మా పెదనాన్న ఎవరో చెబితే విని రాసిచ్చారు: 'హో షౌ వూ'. కాలేయానికి బలమట!

కొట్టు కుర్రాడు నల్లటి వేరు ముక్కలు చూపించాడు. దాన్ని తిన్న ముసలి హోకు జుట్టు నల్లబడిందని కథ, పేరూ అలాగే వచ్చింది. పచ్చి వేరును నల్ల సోయాచిక్కుడు రసంలో ఉడికిస్తే విషగుణం తగ్గుతుందంటారు. కానీ ఉడికించిన వేరుతోనూ లివర్ దెబ్బతిన్నవాళ్లున్నారు. బ్రిటన్ 2006లోనే హెచ్చరించింది. 2014లో చైనా ప్రభుత్వమే, ఈ వేరు కలిసిన ఆరోగ్య ఉత్పత్తులు కాలేయం సరిగా పనిచేయనివారికి తగవని డబ్బాల మీద వేయించింది. మంచి లివర్ అయితే దెబ్బ తగిలినా చాలాసార్లు కోలుకుంటుంది. సిరోసిస్ వచ్చిన లివర్‌కు అంత ఓపిక ఎక్కడిది?

హాంకాంగ్ చట్టం ప్రకారం 31 ఘాటైన మూలికలకు వైద్యుడి చీటీ ఉండాలి. ఈ వేరు వాటిలో లేదు. అడిగితే ఇచ్చేస్తారు.

పక్క సొరుగులో అతిమధురం. దగ్గుకు మన ఇళ్లలోనూ నమిలేదే! చైనా కషాయాల్లో చాలావాటిలో పడుతుంది. ఎక్కువైతే ఒంట్లో ఉప్పునూ నీటినీ పట్టి ఉంచుతుంది. పొట్టలో నీరు చేరే లివర్ రోగికి అదే ముప్పు. అలాగని ఇక్కడి మూలికలన్నీ విషమని కాదు. ఏది ఎవరికి పడదో సొరుగు మీద రాసి ఉండదు, అంతే.

కుర్రాడు అప్పటికే త్రాసు ఎత్తాడు. వద్దన్నాను. మొహమేమీ మార్చకుండా ముక్కల్ని సొరుగులోకి ఒంపేశాడు.

రాత్రి ఫోన్ చేశా.

"దొరకలేదా?" అన్నారు పెదనాన్న.

"దొరికింది. తేవడం లేదు" అని, ఎందుకో చెప్పాను.

కాసేపు మాటల్లేవు. తర్వాత మెల్లగా, "అయితే ఆ పసరు కూడా ఆపెయ్యనా?" అన్నారు.

ఆయన పసరు తాగుతున్నట్టు ఇంట్లో ఎవరికీ తెలీదు. డాక్టరుకు అసలే తెలీదు!