అరవైలో బాకా

'బాకా ఊదుట' అనగానే కార్యాలయ మిత్రులకు వేరొక అర్థం స్ఫురించవచ్చును. ముప్పదియేండ్లకు పైబడిన ఉద్యోగ జీవితంలో ఆ విద్య మాకు అలవడలేదు. పదవీ విరమణానంతరం మాత్రం నిజమైన బాకానే చేపట్టినాము.

హౌరా వంతెన దాటి మహాత్మా గాంధీ రోడ్డున, అనగా ఒకనాటి హారిసన్ రోడ్డున సాగితే, పెండ్లి బ్యాండ్ల దుకాణాలు కనిపిస్తాయి. ఆంధ్రదేశం విడిచి వచ్చిన తొలినాళ్ళ నుండి ఆ ఇత్తడి వాద్యాలు మమ్ము ఊరిస్తూనే ఉన్నవి. తీరిక చిక్కగానే శివపూర్‌లో మా వీధి క్లబ్బు బ్యాండులో ట్రంపెట్ నేర్వనారంభించినాము. "ఊపిరి నిలుపుకుంటే చాలుననుకునే వయసులో ఈ ఊదడం ఎందుకండీ?" అని మా శ్రీమతి నవ్వినది.

ట్రంపెట్‌కు ఉన్నవి మూడే మీటలు. తక్కిన స్వరభేదమంతా పెదవుల బిగువులో, ఊపిరి వేగంలో ఉన్నది. ఏడాది సాధనతో చిన్న పాటలు పలికినవి. అంతలో ముందుపన్ను కదలినది. పై స్వరాలు పలుకక పోయినవి. మా పెద్దకుమారుని కన్న చిన్నవాడైన బ్యాండుమాస్టరు మెల్లగా, "కాకూ, ఇకపై యుఫోనియం పట్టండి" అన్నాడు. వంగభాషలో కాకూ అనగా బాబాయి.

యుఫోనియం గొట్టం ట్రంపెట్ గొట్టానికి దాదాపు రెట్టింపు పొడవు. నాదం ఒక స్థాయి క్రిందిది. పెదవులానించే గిన్నె వెడల్పు గనుక పంటిపై ఒత్తిడి తక్కువ. అయినను మనసు చివుక్కుమన్నది. ట్రంపెట్‌ది పాట, మాకిచ్చినది పాట క్రింది ఆధారస్వరం. సంతకంతో దస్త్రాలు కదిలించిన చేతికి ఇది వెనుకవరుస. రెండు వారాలు క్లబ్బు వైపు పోలేదు.

ఆగస్టు 15 సమీపించగా ఆ కుర్రవాడే మా ఇంటికి వచ్చి, "క్రింది స్వరం లేక గీతం తేలిపోతున్నది, కాకూ" అన్నాడు. వెళ్ళినాము.

జాతీయగీతానికి పట్టే కాలం సుమారు 52 సెకండ్లు. ఆ గీతకర్త రవీంద్రుడు జన్మించిన జొరాసాంకో నదికి ఆవలి ఒడ్డుననే ఉన్నది. పతాకం ఎగిరినది. ప్రక్కనున్న వృద్ధ మిత్రుడు శ్వాస తీసేటప్పుడు మేము, మేము తీసేటప్పుడు ఆయన స్వరం నిలిపినాము. మా నాదం ఎవరికీ విడిగా వినిపించి ఉండదు. అయినను పిల్లల ట్రంపెట్లు దానిపై ఆనుకొని నిలిచినవని మాకు తెలిసినది.

ఇంటికి రాగానే శ్రీమతి, "మీరు వాయించినది ఏది?" అని అడిగినది. "వినబడనిది" అన్నాము. విరమణకు చేరువైన సోదరులారా, వెనుకవరుసలో ఇంకను చోటున్నది.