రెండవ మంచము

ఇంగ్లీషున "సెకండు బెస్టు బెడ్డు" అను మాట యొకటి గలదు. మేలైనవానిలో రెండవదియగు మంచమని దాని యక్షరార్థము. భార్యను చిన్నచూపు చూచిన భర్తనుగూర్చి పరిహాసముగా వాడుదురు. మావారు తరగతిలో షేక్స్పియరును బోధించునపుడు ఈ మాటతో పిల్లలను నవ్వించుచుండెడివారు. అది విని మేమును నవ్వినవారమే.

గడచిన వేసవిలో బర్మింగుహామునందున్న మా మరిది యింటికి పోయినప్పుడు, ఆ మాట పుట్టిన యూరు చూచు భాగ్యము కలిగెను. అది ఏవన్ నది యొడ్డుననున్న స్ట్రాట్‌ఫర్డు. షేక్స్పియరు 1616 ఏప్రిలు 23వ తేదీన అచటనే మృతినొందెను. ఆతని మరణశాసనమువలన పెద్దయిల్లును, భూములలో హెచ్చుభాగమును పెద్దకుమార్తె సుసన్నాకు చెందెను. 33 ఏండ్లు కాపురము చేసిన భార్య ప్రసక్తి, పంక్తుల నడుమ చేర్చిన యొక్క వాక్యముననే కలదు. ఆమెకు రెండవ మంచమును, దాని పరుపు తెరలు మున్నగు సామగ్రియు!

పట్టణమునకు మైలు దూరమున షాటరీ యను పల్లెలో ఆ యిల్లాలు ఆన్ హాతవే పుట్టిల్లు నేటికిని గలదు. గడ్డికప్పు, పెద్ద పొయ్యి; మేడమీద చెక్కడపు పనిగల ప్రాతమంచము. హాతవే వంశమువారిదని చూపుదురు. ఆ కాలపు మంచములకు పట్టెల నడుమ త్రాడు అల్లి, వదులైనప్పుడెల్ల బిగించుచుండెడివారట. మన నులకమంచమువలెనే! దానిపై పరుపు, చలి సోకకుండ చుట్టును తెరలు. అప్పుడు మంచము మిగుల వెలగల వస్తువు. మేలైనదానిని అతిథులకై యుంచుట కలవారి యాచారమనియు, దంపతులు శయనించునది రెండవదియే యనియు కొందరు పండితులు చెప్పుదురు. వితంతువు భాగము ఆచారముచొప్పుననే వచ్చును గనుక వ్రాయలేదని కొందరందురు. కాదు, అవమానమే యని మరికొందరు.

మేము ఆ గదిలో మాటాడక నిలిచితిమి. మా యింట పందిరిమంచము అల్లుండ్రకును చుట్టములకును. అత్తగారును మామగారును పరుండినది నులకమంచము. మామగారు గతించి అన్నదమ్ములు పంచుకొనునపుడు అత్తగారు "నాకు ఆ నులకమంచము చాలును, నాయనా" అనిరి. పాపము, కోరుకొనుటయు తెలియనివారని మేము జాలిపడితిమి. వారు పోయినపిమ్మట దానిని పశువులకొట్టములో వేయించితిమి.

సాయంకాలము హోలీ ట్రినిటీ దేవాలయమున, భర్త సమాధి ప్రక్కనే ఆన్ సమాధిని చూచితిమి. ఆమె 1623లో 67 ఏండ్ల ప్రాయమున గతించెను. ఇత్తడి ఫలకముపై లాటిను పద్యమొకటి యున్నది. పాలిచ్చి ప్రాణమిచ్చిన తల్లికి బిడ్డ తెలుపు కృతజ్ఞత యది.

తిరుగుదారిలో మావారు "ఇకమీద ఆ మాటతో పిల్లలను నవ్వింపను, అర్థములన్నియు చెప్పెదను" అనిరి. ఇల్లు చేరినవెంటనే ఆ మంచమును కొట్టమునుండి తెప్పించి క్రొత్తనులక అల్లించితిమి.

సోదరీమణులారా, మీ యింటి పెద్దలు పంపకములలో మంచమో మరచెంబో కోరినచో, అది యెందులకో అప్పుడే యడిగి తెలిసికొనుడు. మేము అడుగలేదు.