స్విచ్చిలో ఎర్ర దీపం

ఈ ఏడు సైన్సు ప్రదర్శనకు మా జట్టు 12 వోల్టుల పవర్ సప్లై పెట్టె చేసింది. మిగతా జట్ల మోడళ్ళు చాలావరకు దాని మీదే నడవాలి. లోపల ఒక ట్రాన్స్‌ఫార్మరు, నాలుగు డయోడ్లు, పెద్ద కెపాసిటరు, 7812 ఐసీ. అవన్నీ రెండు రోజుల్లో అయిపోయాయి. మమ్మల్ని వారం రోజులు ఆపింది మాత్రం పెట్టె ముందుండే స్విచ్చి. వేస్తే ఎర్రగా వెలిగేదే కావాలని మా వాళ్ళ పట్టు, పెట్టెకు కళ వస్తుందని.

మా నాయన కంపెనీలో మెయింటెనెన్సు పని చేస్తాడు. హోసూరు నుంచి బెంగళూరు పోయినప్పుడు ఎస్.పి. రోడ్డులో రెండు రకాలు తెచ్చిచ్చినాడు. ఒకదానికి మూడు కాళ్ళు, ఇంకోదానికి నాలుగు. ముందు నుంచి చూస్తే రెండూ ఒకటే. కార్లకు వాడే 12 వోల్టుల స్విచ్చి కూడా ఇట్లే ఉంటుంది, కానీ 230 మీద పెడితే దాని దీపం కాలిపోతుంది. పక్కన అచ్చేసిన అంకె చదివే కొనాలి.

మూడు కాళ్ళ దాంట్లో ఒకటో కాలికి ఫేజు వస్తుంది, రెండో కాలి నుంచి ట్రాన్స్‌ఫార్మరుకు పోతుంది. మూడోది, మా దాంట్లో ఇత్తడి రంగుది, దీపం కోసమే. దానికి న్యూట్రల్ ఇవ్వాలి. ఆ న్యూట్రల్ రెండో కాలికి తగిలించినామా, స్విచ్చి వేసిన క్షణమే ఫ్యూజు పోతుంది. ఒకటీ రెండూ తారుమారైతే ఇంకో తమాషా. పెట్టె మామూలుగా పనిచేస్తుంది, దీపం మాత్రం స్విచ్చి ఆపినా వెలుగుతూనే ఉంటుంది. తీగల రంగులు కూడా చూసుకోవాలి. ప్లగ్గు తీగలో గోధుమ రంగు ఫేజు, నీలం న్యూట్రల్. గోడలో పాత వైరింగులో ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్. మూడు ఫేజుల లైనులో నీలం కూడా ఒక ఫేజే! ఇది నాయన చెప్పేదాకా మా జట్టులో ఎవరికీ తెలీదు.

మొదట మూడు కాళ్ళది బిగించాము. నాయన చూసి, "బాగుందమ్మా. దీపం ఆరితే లోపల కరెంటు లేనట్టేనా?" అని అడిగినాడు. "లేనట్టే కదా మామా" అన్నాడు మా జట్టులో ఒకడు. నాయన నవ్వి, "రేపు హాల్లో టెస్టరు పెట్టి చూడండి, మీ సారును పక్కనుంచుకొని" అన్నాడు.

హాల్లో అద్దెకు తెచ్చిన ఎక్స్‌టెన్షన్ బాక్సు ఉండింది. స్విచ్చి వేస్తే దీపం వెలిగింది, ఆపితే ఆరింది. సారు మూత తీయించి ట్రాన్స్‌ఫార్మరు కాలికి టెస్టరు ఆనించారు. టెస్టరు వెలిగింది! స్విచ్చి ఆపే ఉంది.

బాక్సులో ఫేజూ న్యూట్రలూ తారుమారుగా ఉన్నాయి. అంటే మా స్విచ్చి తెంచింది న్యూట్రల్‌ను. ఫేజు నేరుగా ట్రాన్స్‌ఫార్మరు దాకా వచ్చి కూర్చుంది. స్విచ్చిలోదీ టెస్టరులోదీ ఒకే రకం నియాన్ దీపం. టెస్టరులో అది తీగకూ మన ఒంటి గుండా నేలకూ మధ్య ఉంటుంది, అందుకే ఫేజు ఏదో చెబుతుంది. స్విచ్చిలో రెండు తీగల మధ్య ఉంటుంది. వాటి మధ్య తేడా ఉంటే వెలుగుతుంది, లేకుంటే ఆరుతుంది. రెండు వైపులా ఫేజే ఉన్నా ఆరే ఉంటుంది. ప్రదర్శనకు ఆరో తరగతి పిల్లలు వస్తారు, ఏది కనబడితే దాంట్లో వేలు పెడతారు. నాకు అదే గుర్తొచ్చింది.

బాక్సును సరిచేయిస్తే చాలన్నారు మా వాళ్ళు. నేను ఒప్పుకోలేదు. ఈ పెట్టె రేపు ల్యాబుకు పోతుంది, ఎల్లుండి ఇంకో గదికి. ప్రతి గోడలో వైరింగు ఎట్లుందో ఎవరు చూడొచ్చారు? ఆ సాయంత్రమే నాలుగు కాళ్ళది మార్చాము. అది ఫేజునూ న్యూట్రల్‌నూ రెంటినీ ఒకేసారి తెంచుతుంది. బయటికి పోయే రెండు కాళ్ళ మధ్యే దీపం ఉంటుంది కాబట్టి దానికి వేరే తీగ అక్కర్లేదు. పచ్చ ఎర్తు తీగను మాత్రం స్విచ్చి దగ్గరికి పోనీకుండా నేరుగా ఇనుప పెట్టెకు బోల్టు వేసి బిగించాము.

మర్నాడు కావాలనే అదే తారుమారు బాక్సుకు తగిలించి చూశాము. స్విచ్చి ఆపాక సారు ట్రాన్స్‌ఫార్మరు రెండు కాళ్ళకూ టెస్టరు పెట్టారు, వెలగలేదు. అయితే స్విచ్చి వెనక, కరెంటు వచ్చే కాలి దగ్గర మాత్రం వెలిగింది. అక్కడ ఎప్పుడూ ఉంటుంది మరి. అందుకని మూత మీద తెలుగులోనూ తమిళంలోనూ పెద్ద అక్షరాలతో రాసి అంటించాము: "ప్లగ్గు పీకి మూత తీయండి."