‘మిథునం’లో కనిపించని పిల్లలు

పిల్లలు తల్లిదండ్రుల్ని చూడని సినిమాలు మన తెలుగులో కొత్త కాదు. 1972లో వచ్చిన ‘బడిపంతులు’ చూసి ఏడవని కుటుంబం ఉండదు. అయితే అటువంటి సినిమాల్లో ఒక సౌకర్యం ఉంది. కొడుకులు మరీ అంత కఠినంగా ఉంటే, “మనం అలాంటివాళ్ళం కాదుగదా” అనుకుని కళ్ళు తుడుచుకుని హాయిగా ఇంటికి రావచ్చు. 2012 డిసెంబరులో విడుదలైన ‘మిథునం’ మాకు ఆ సౌకర్యం ఇవ్వలేదు.

శ్రీరమణగారి కథ మన సభ్యుల్లో చాలామందికి తెలిసిందే. బాపుగారంతటివారు ముచ్చటపడి ఆ కథంతా తమ చేతిరాతతో రాసుకున్నారంటే వేరే సర్టిఫికెట్ అక్కరలేదు. మలయాళంలో ఎం.టి. వాసుదేవన్ నాయర్‌గారు 2000లోనే దాన్ని ‘ఒరు చెరు పుంచిరి’గా తీశారు. దానికి పర్యావరణ పరిరక్షణ చిత్రంగా జాతీయ బహుమతి వచ్చింది. ముసలి దంపతుల కథకీ పర్యావరణానికీ సంబంధమేమిటని నవ్వుకున్నాం గాని, ఆ పెరడు తీసేస్తే ఆ కాపురంలో మిగిలేదేమిటి? తనికెళ్ళ భరణిగారు తెలుగులో తీసేసరికి మరో పన్నెండేళ్ళు గడిచాయి.

తెరమీద ఉన్నది ఇద్దరే. అప్పదాసుగా బాలసుబ్రహ్మణ్యంగారు, బుచ్చిలక్ష్మిగా లక్ష్మిగారు. ఆయనకు తిండి యావ, ఆవిడకు ఆయన యావ. రోజంతా పోట్లాట, మళ్ళీ విస్తరి దగ్గర రాజీ. ఆకలితో మాత్రం ఈ సినిమాకి కూర్చోవద్దని మనవి. 2020లో బాలుగారు పోయాక మళ్ళీ చూస్తే, పాటలకన్నా ఆయన లొట్టలు వేయడమే ఎక్కువ బాధ పెట్టింది.

వాళ్ళకు పిల్లలున్నారు. విదేశాల్లో స్థిరపడ్డారు. తెరమీదికి మాత్రం రారు. దుర్మార్గులూ కారు. ఉద్యోగాలూ సంసారాలూ ఉన్న మామూలు మనుషులు, అంటే మనమే. మిస్సిసాగాలో మా ఇంట్లో అందరం కలిసి చూస్తూ, పిల్లలతోపాటు నవ్వుతూండగా మా అమ్మాయి అడిగింది: “వాళ్ళ పిల్లలు ఎప్పుడొస్తారు?” సెలవు దొరకాలిగదమ్మా అన్నాం. అది ఊరుకోలేదు. “మరి నేను వాంకూవర్‌లో చదువుకుంటే?”

తెచ్చి మన దగ్గరే పెట్టుకోవచ్చుగా అంటారు. నిజమే. 2011 డిసెంబరులో సూపర్ వీసా పెట్టారు. ఒకసారి వస్తే రెండేళ్ళు ఉండనిచ్చేవారు. 2022లో దాన్ని ఐదేళ్ళు చేశారు. ఆదాయం చూపించి, ఇన్సూరెన్స్ కట్టి అమ్మానాన్నల్ని పిలిపించుకున్నవాళ్ళం చాలామందిమి ఉన్నాం. కాని అప్పదాసును తీసుకొచ్చి నవంబరులో బేస్‌మెంట్‌లో కూర్చోబెడితే ఆయన ఏంచేస్తాడు? ఆయన దర్జా అంతా తన చేతులతో చేసుకోవడంలోనే ఉంది. ఇక్కడ థర్మోస్టాట్ ముట్టుకోవాలన్నా మనల్ని అడగాలి. ఈ సంగతి వీసా కాగితాల్లో ఎక్కడా రాయరు.

సినిమా చూడనివారు ఈ పేరా వదిలేసి చదువుకోండి. పునిస్త్రీగా పోవాలని కోరుకోవడం మన ఆడవాళ్ళకు ఊహ తెలిసిన నాటినుంచీ నేర్పిన మాట. బుచ్చిలక్ష్మి కోరిక దానికి తలకిందులు. ఆయనే ముందు వెళ్ళాలి, ఎందుకంటే తను ముందు పోతే ఆయన్ని ఎవరు చూస్తారు? ఈ ప్రశ్న వేసుకున్నప్పుడు ఆవిడకు పిల్లలు గుర్తురాకపోలేదు. వాళ్ళమీద కోపమూ లేదు. లెక్కలోకి తీసుకోలేదు, అంతే. కోప్పడి ఉంటే మేము కొంత తేలికపడేవాళ్ళం.

మా ఇంట్లో పెద్దావిడ ఉన్నారు. మాలో ఒకరికి అమ్మ, ఒకరికి అత్తగారు. ఆవిడ భర్త ఊళ్ళోనే పోయారు. టిక్కెట్లు దొరికి మేము చేరేసరికి కార్యక్రమం అయిపోయింది. ఆఖర్న మేమంతా కళ్ళు ఒత్తుకుంటుంటే ఆవిడ మాత్రం స్థిమితంగా, “పోన్లే, ఆవిడ అనుకున్నట్టే అయింది. ఆయనకు ఇబ్బంది లేకుండా వెళ్ళిపోయాడు” అన్నారు. ఆ మాట బుచ్చిలక్ష్మి గురించా, తన గురించా అని మేము అడగలేదు.

తర్వాత ఆవిడ లేచి, రాత్రికి మంచు పడుతుందన్నారుగా అంటూ డెక్ మీద ఉన్న గోంగూర కుండీలు లోపలికి తెమ్మన్నారు. నాలుగు కుండీలు. అమ్మాయి రెండు తెచ్చింది, మేము రెండు తెచ్చాం.